బుల్డోజరుకు చుట్టిన సాంచా దారం

2024 మే నెల. ఆ నెలలో సూరత్‌లో ఇనుము ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, మా పని చూస్తే మొత్తం ఇనుముతోనే. ఇచ్ఛాపూర్ దాటి హజీరా వెళ్లే రోడ్డు మీద నాకో చిన్న షాపుంది. హైడ్రాలిక్ హోసులు, అంటే ఆయిలు పారే రబ్బరు గొట్టాలు, వాటి ఫిట్టింగులు అమ్ముతాను, బిగిస్తాను, పాడైనవి బాగుచేస్తాను. అంతకుముందు పదహారేళ్లు హజీరాలో ఒక పెద్ద ప్లాంటులో ఫిట్టరుగా చేశాను. మాది జగిత్యాల వైపు. ఇక్కడివాళ్లకు శంకర్‌భాయ్‌ని, మనవాళ్లకు శంకరన్నను. పని బాగా చేస్తాడు కానీ నోరు మంచిది కాదని తెలుగు, హిందీ, గుజరాతీ మూడు భాషల్లోనూ నా గురించి చెప్పుకుంటారు. ఆ నోటి వల్ల ఒక మనిషి బతుకు పాడుచేయబోయిన సంగతే ఇది.

ముందు మా పని రెండు మాటల్లో చెప్పాలి. బుల్డోజరు ముందున్న ఇనుప రేకు, అంటే బ్లేడు, ఆయిలు బలంతో లేస్తుంది. ట్యాంకులోని ఆయిలును పంపు పీల్చి గొట్టాల్లోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి సిలిండరులోని రాడ్డు కదులుతుంది, రాడ్డు బ్లేడును ఎత్తుతుంది. గొట్టం యంత్రానికి కలిసే ప్రతిచోటా ఒక ఫిట్టింగు ఉంటుంది. ఆయిలు కారేదీ అక్కడే, నాకు అన్నం దొరికేదీ అక్కడే.

ఒకరోజు మధ్యాహ్నం నలభై ఏడు నలభై ఎనిమిదేళ్ల మనిషి షాపులోకి వచ్చాడు. చొక్కా ముందు భాగమంతా ఆయిలు. గడప దాటకముందే రోడ్డు అవతలికి వినిపించేటట్టు, "అన్నా, నువ్వు మనోల్లేనంట గదా!" అని అరిచాడు.

"జర నిమ్మలంగ మాట్లాడు తమ్మీ. నాకు చెవులు మంచిగనే ఉన్నయి" అన్నాను.

"నాకే లేవన్నా" అని నవ్వాడు.

పేరు మల్లేశం. ఇరవై ఏళ్లు సూరత్‌లోని భేస్తాన్‌లో సాంచాలు నడిపాడు. సాంచా అంటే పవర్‌లూము, సిరిసిల్లలోనూ సూరత్‌లోనూ అదే మాట. ఆ చప్పుడులో ఇరవై ఏళ్లు నిలబడితే చెవులు మిగలవు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి కాస్త పనిచేస్తుంది. సేటు కొత్త యంత్రాలు తెచ్చి మనుషుల్ని తగ్గించినప్పుడు మల్లేశం కిమ్ అనే ఊళ్లో ఒక కాంట్రాక్టరు దగ్గర బుల్డోజరు తోలడం నేర్చుకున్నాడు. ఆ కాంట్రాక్టరు తుక్కు కింద తోసేద్దామనుకున్న పాత జపాన్ బండిని రెండేళ్ల కిందట తానే తీసుకున్నాడు. భార్యాభర్తలు అన్నేళ్లు కూడబెట్టిందంతా ఆ బండిలోకే పోయింది.

ఇప్పుడు ఓల్పాడ్ అవతల ఖాడీ పక్కన, అంటే సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే కాలువ పక్కన, రొయ్యల చెరువులకు కట్ట పోసే పని ఒప్పుకున్నాడు. సొంతంగా పట్టుకున్న మొదటి పెద్ద పని అదే. కట్ట దాదాపు అయిపోయింది, ఒక్క గండి మిగిలింది. పున్నమికి ఖాడీలోకి ఉప్పునీరు తోసుకొస్తుంది. అప్పటికి గండి పూడకపోతే పోసిన కట్ట కూడా కోసుకుపోతుంది.

"బ్లేడు లేస్తలేదన్నా. లేసినా నిలుస్తలేదు, మెల్లగ దిగుతున్నది. పున్నానికి అయిదు దినాలే ఉన్నయి. గీ పని బోతె బండి అమ్ముకోవాలె, మల్ల సాంచాల మీదికే పోవాలె. గీ చెవులతోని ఆడ సుత ఎవలు పెట్టుకోరు."

ఆ చివరి మాట ఒక్కటే మెల్లగా అన్నాడు. నేను పానాల పెట్టె నా బండిలో వేసుకున్నాను.

బుల్డోజరు చిన్నదే. బురదలో దిగబడకుండా వెడల్పు ట్రాకులు, పసుపు రంగు ఉండీ లేనట్టు. బ్లేడును ఎత్తే రెండు సిలిండర్లకు ఒకప్పుడు స్టీలు పైపులు ఉండేవి. ఉప్పు గాలి వాటిని తినేసింది. మల్లేశం వాటిని తీసేసి బజారులో దొరికే రబ్బరు హోసులు వేసుకున్నాడు. ఆలోచన తప్పు కాదు. ఫిట్టింగుల దగ్గరే వచ్చింది చిక్కు.

ఫిట్టింగులో రెండు పనులు జరుగుతాయి. థ్రెడ్, అంటే మర, రెండు ముక్కల్నీ దగ్గరికి లాగుతుంది. సీటు, అంటే లోపల రెండు ముఖాలు కలిసే చోటు, ఆయిలును ఆపుతుంది. ఈ రకం ఫిట్టింగుల్లో మర ఆయిలును ఆపదు, ఆపాల్సిన పని దానిది కాదు. జపాన్ ఫిట్టింగు మర, మన బజారు ఫిట్టింగు మర కొన్ని సైజుల్లో ఒకటే. నట్టు వేళ్లతోనే తిరిగి ఎక్కేస్తుంది, ఎక్కింది కదా అని మనం సంతోషపడతాం. కానీ జపాన్‌దాని సీటు ముక్కులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మన హోసు ఫిట్టింగుదీ అంతే. ముక్కూ ముక్కూ ఆనుకుంటాయి తప్ప ఒకదాంట్లో ఒకటి కూర్చోవు. ఇక ఎంత బిగించినా కారాల్సిందే.

కారింది. మల్లేశం తనకు తెలిసిందే చేశాడు. సాంచాల దగ్గర బతికినవాళ్ల ఇంట్లో అన్నిటికీ మందు దారమే. కుళాయి కారినా దారమే, సైకిలు పెడలు వదులైనా దారమే, కుక్కరు పిడి ఊగినా దారమే. పాలిస్టరు దారం తీసుకుని, తెల్ల పేస్టు పూసి, మర మీద పొరలు పొరలుగా చుట్టి నట్టు ఎక్కించాడు. చుట్టడం మాత్రం ఎంత పొందికగా చుట్టాడంటే, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కలేదు.

బ్లేడు కింద దుంగలు పెట్టి, మొదటి నట్టు విప్పి అది చూశాను. నా నోరు లేచింది.

"గిదేంది మల్లేశం? గిది బుల్డోజరా, సాంచానా? గింత మంచిగ చుట్టినవ్, అంచు సుత నేస్తె అయిపోతుండె గదా! బ్లేడుకెల్లి చీర దిగుతుండె!"

చుట్టూ ఉన్న కూలీలు, టిప్పరు డ్రైవర్లు మనవాళ్లే, ఘొల్లున నవ్వారు. చెరువుల యజమాని రమణ్‌భాయ్ గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఏమన్నావని అడిగాడు. గుజరాతీలో చెప్పాను, ఆయనా నవ్వాడు. మల్లేశం కూడా నవ్వాడు. రెండో సిలిండరు నట్టు విప్పాను, అక్కడా అదే నేత. ఇంకో రెండు మాటలు అన్నాను, ఇంకోసారి నవ్వారు.

"ఇంకేడన్న చుట్టినవా?" అని అడిగాను.

"లేదన్నా" అన్నాడు మల్లేశం. "గీ రెండే."

ఆ క్షణంలో అతని మొహం చూసి ఉంటే నాకు తెలిసేది. నేను నా మాటలకు నవ్వుతున్నవాళ్లను చూసుకుంటున్నాను.

మర్నాడు కిమ్‌లో నాకు తెలిసిన లేత్ షాపుకు వెళ్లి రెండు అడాప్టర్లు చేయించాను. అడాప్టరంటే మధ్యవర్తి. ఒక చివర జపాన్ సీటు సరిగ్గా కూర్చునే గుంట, రెండో చివర మన హోసుకు సరిపోయే ముఖం. సిలిండర్ల వైపు దాంతో సరిపోయింది. హోసుల రెండో చివర, ఆయిలును అటూ ఇటూ మళ్లించే కంట్రోల్ వాల్వు దగ్గర, ఇంకో పనుంది. అక్కడ పాత యజమాని కాలంలో ఎవరో ఉలి పెట్టి కొట్టారు, రంధ్రం చుట్టూ ముఖమంతా గాట్లు. ఆ చోట బాండెడ్ సీల్ వేయాలి. అది స్టీలు వాషరే, కాకపోతే లోపలి అంచుకు రబ్బరు రింగు అతికించి ఉంటుంది. కింద ముఖం నున్నగా, సమంగా ఉంటేనే ఆ రబ్బరు నిలుస్తుంది. అందుకని స్పాట్ ఫేసింగ్ చేశాను. చేత్తో తిప్పే కట్టరుతో ఆ ముఖాన్ని గోరంత చెక్కి చదును చేయడమన్నమాట. చెక్కేటప్పుడు రజను లోపల పడకుండా రంధ్రంలో బిరడా పెట్టాలి, కట్టరుకు గ్రీజు పూయాలి. బిగింపు కూడా లెక్కగానే ఉండాలి. ఎక్కువ బిగిస్తే రబ్బరు నలిగి చస్తుంది.

సాయంత్రానికి అన్నీ కూర్చోబెట్టి, తగ్గిన ఆయిలు కొత్తది పోసి, బండి నడిపించాం. బ్లేడు లేచింది. రాడ్డు మీద మార్కరుతో గీత పెట్టి అరగంట చూశాను, గీత వెంట్రుకంత కూడా కదలలేదు. మట్టం తెలియడానికి ట్యాంకుకు పెట్టిన అద్దంలో ఆయిలు నురగగా కనిపించింది. కొత్తగా పోశాం కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. గర్వంగానే ఉంది నాకు. పోతూ పోతూ మల్లేశానికి మర గురించి, సీటు గురించి పాఠం కూడా చెప్పాను. చెవిటి మనిషికి చెప్పాలి కదా, గట్టిగానే చెప్పాను, అందరికీ వినిపించింది.

మూడో రోజు పొద్దున పదకొండింటికి ఫోను.

"అన్నా, ఖాళీ బ్లేడు లేస్తది. మట్టి వడితె లేస్తలేదు."

వెళ్లాను. గేజీ పెట్టి చూస్తే ఒత్తిడి ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది రిలీఫ్ వాల్వు. కుక్కరు మీద వెయిటులాంటిది అది, ఒత్తిడి మితిమీరితే తెరుచుకుని ఆయిలును ట్యాంకులోకి వదిలేస్తుంది. సరిగ్గా మూసుకోకపోతే ఒత్తిడి పుట్టకముందే జారిపోతుంది. విప్పాను. దాని సీటు మీద సన్నని పోగు ఒకటి అడ్డం పడి ఉంది. తీసేసి, కడిగి బిగించాను. గేజీ ముల్లు లేచింది.

"నీ నేతనే గిది. పాతది లోపల మిగిలినట్టున్నది" అన్నాను. ఆ పోగును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఎందుకంటే, తర్వాతెప్పుడైనా చూపించి మరో నాలుగు తగిలించడానికి. నేను అలాంటి మనిషిని.

నాలుగో రోజు పొద్దున మళ్లీ అదే కథ. మళ్లీ విప్పాను, మళ్లీ ఒక పోగు. ఈసారి రమణ్‌భాయ్ గొడుగు ముడిచి నా దగ్గరికే వచ్చాడు. మంచి మనిషే, మాట పెంచలేదు. రేపు పొద్దున కిమ్ నుంచి వేరే మిషను వస్తుందని, ఇక ఆగడం తనవల్ల కాదని చెప్పాడు. ఎల్లుండి పున్నమి. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

పోగు మళ్లీ ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియలేదు. తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. మా మెకానిక్కుల్లో ఒక పాత దురలవాటుంది, కారణం దొరకకపోతే పెద్ద వస్తువు మీదికి తోసేస్తాం.

"పంపు పోయినట్టున్నది మల్లేశం" అన్నాను. "గింత పాత బండికి పంపు దొరకాలంటె నెల బట్టొచ్చు."

మల్లేశం ట్రాకు మీద కూర్చున్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మోకాళ్ల మీద పెట్టుకుని, దాని అంచు సవరిస్తూ ఉండిపోయాడు. తిట్టినా బాగుండేది. అటు చూడలేక పానాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను.

ఆ రోజు అతని భార్య కమల భేస్తాన్ నుంచి రెండు బస్సులు మారి అన్నం తెచ్చింది. నీళ్లు పోసిచ్చి, నేను పక్కన పరిచి పెట్టిన కాగితం వైపు వంగి చూసింది.

"అన్నా, గా కాయితంలది ఏంది?"

"మీ ఆయన దారమే చెల్లె. రెండు దినాల సంది గిదే సతాయిస్తుంది."

నిన్నటి పోగు, ఇవాళ్టి పోగు రెండూ ఆ కాగితం మీదే ఉన్నాయి. కమల వాటిని తీసుకుని మూతలో ఉన్న డీజిలులో ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. ఎండకు పట్టి చూసింది. తర్వాత, మొదటిరోజు నేను విప్పి పడేసిన పాత ఫిట్టింగు ట్రేలో ఉంటే, దాని మీది దారం కొసను లాగి, అదీ కడిగి పక్కన పెట్టుకుంది.

"రెండు ఒక్క దారం గావన్నా."

"నూనెల నాని గట్ల కనవడుతుందేమొ."

"పన్నెండేండ్ల సంది ఇంట్ల దారం బాబిన్లు చుడుతున్న, నాకు ఎర్క లేదా?" కోపంగా కాదు, మామూలుగానే అంది. "గీ ఫిట్టింగు మీదిది బ్రైటు. ఎండల జూడు, మెరుస్తది. నీ కాయితంలది డల్లు. ఎంత కడిగినా మెరువది. డల్లు మా ఇంటికి పోయినేడు దీపావళి దాకనే అచ్చింది. గప్పటి సంది సేటు బ్రైటే పంపుతుండు."

"అయితె?"

"అయితె ఏముంది? డల్లు చుట్టింది పోయినేడు. గీ ఫిట్టింగులకు గాదు."

భర్త కుడిచెవి వైపుకు వెళ్లి అతని పక్కన కూర్చుంది. "ఏమయ్యా, పోయినేడు ఏడ చుట్టినవ్?"

మల్లేశం తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

"నేను కూసునె సీటు కింద రేకు ఉంటది. గది ఇప్పితె టాంకి నుంచి పంపుకు పోయె దొడ్డు పైపు ఉంటది. ఆడ."

"మొన్న అడిగితె లేదంటివి గదా!" నా గొంతు మళ్లీ లేచింది. కమల నా వైపు ఒక్కసారి చూసింది. నా గొంతు అక్కడితో ఆగింది.

"అడిగినవన్నా, అబద్ధమెందుకు" అన్నాడు మల్లేశం. "గని అందరి ముందట గట్ల అంటివి. రమణ్‌భాయ్ సుత నవ్వె. నాకు సగమే వినవడ్డది గని అందరు నవ్వుడైతె కనవడ్డది. ఇంకోటి ఉందంటె ఇంకేమంటవో అని చెప్పలె. గదైతె కారుతలేదు గదా అనుకున్న."

సిగ్గేసింది. కప్పిపుచ్చి చెప్పడమెందుకు, ఒళ్లంతా సిగ్గేసింది. నేను వేసిన నాలుగు జోకులకు వెల ఆ మనిషి బండి, అతని పని, వాళ్లిద్దరి ఇరవై ఏళ్లు. ఇంకా గట్టిగా సిగ్గేసిన సంగతి మరొకటి. కారకపోవడమే అసలు గుర్తు. పంపు తోసేవైపు వదులైతే ఆయిలు బయటికి కారుతుంది. పీల్చేవైపు, అంటే సక్షన్‌లో, వదులైతే బయటికి ఏదీ రాదు, గాలే లోపలికి పోతుంది. ట్యాంకు అద్దంలో కనిపించిన నురగ ఆ గాలే. సిలిండర్ల వైపు దారమైతే ఆయిలు ట్యాంకుకు తిరిగొచ్చే దారిలో ఉన్న ఫిల్టరులో పడుతుంది. రిలీఫ్ వాల్వులో పోగు చిక్కిందంటే అది పంపు వైపు నుంచే రావాలి. పదహారేళ్లు ప్లాంటులో పనిచేసినవాడికి ఇవి తెలియని సంగతులు కావు. తప్పు మల్లేశందేనని ముందే తీర్పు చెప్పేసుకున్నాను కాబట్టి ఇంకేమీ చూడలేదు.

రమణ్‌భాయ్ దగ్గరికి వెళ్లి, పంపు మంచిదేనని, చూడాల్సిన చోట చూడకపోవడం నా తప్పని చెప్పాను. రేపు పొద్దున తొమ్మిది దాకా ఆగమన్నాను. ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. "మొన్న తప్పు అతనిదన్నావు. ఇవాళ నీదంటున్నావు" అన్నాడు. మొన్నటిది కూడా నాదేనన్నాను. ఆయన ఫోను తీసి, కిమ్ మిషనును తొమ్మిదింటికి ముందు బయలుదేరవద్దని చెప్పాడు.

రేకు విప్పాం. దొడ్డు పైపు చివర మర ఎప్పుడో వంకరగా ఎక్కి చెడిపోయింది, దాని మీద డల్లు దారం గూడు కట్టినట్టు ఉంది. లోపలివైపు పోగులు వేలాడుతూ పంపు పీల్చినప్పుడల్లా ఒక్కొక్కటి తెగిపోతున్నాయి. ఆ చెడిన మరను కోసేయడం తప్ప దారి లేదు. కొలతలు తీసుకుని కిమ్‌కు పరుగెత్తాను. పంపు వైపు బాండెడ్ సీల్‌తో కూర్చునేలా, రెండో చివర హోసు ఎక్కేలా ఒక ముక్క లేత్ మీద చేయించాను. పీల్పుకు నలిగిపోకుండా లోపల స్టీలు తీగ చుట్టు ఉన్న హోసు షాపు నుంచి తెప్పించాను. దానికి రెండు చివర్లా రెండేసి క్లాంపులు.

ఆయిలు సంగతి మిగిలింది. ఇంకెన్ని పోగులు అందులో తిరుగుతున్నాయో తెలియదు. అంత ఆయిలు పారబోసి కొత్తది పోయడం వాళ్లవల్ల అయ్యేది కాదు.

"పాత చీరల వడగడితె?" అన్నాడు మల్లేశం.

"చీర సుత పోగులు ఇడుస్తది" అంది కమల. "చీరలకు రంగులు అద్దె జాలి ఉంటది గదా, ఫ్రేములకు బిగిస్తరు. గది పోగు ఇడువది."

నాకు తట్టలేదు ఆ ఆలోచన. ప్రింటింగు యూనిట్లలో స్క్రీనుకు వాడే ఆ జాలీ ఎంత సన్నగా ఉంటుందంటే, రంగు దిగుతుంది కానీ నలక దిగదు. కిమ్‌కు రెండోసారి వెళ్లి ఒక గజం తెచ్చాను. ఆయిలంతా డ్రమ్ములోకి దించి, ట్యాంకు డీజిలుతో కడిగి, వాల్వు విప్పి తుడిచి, ఆ జాలీని రెండు మడతలు వేసి ఆయిలును మెల్లగా వడగట్టాం. కమల జాలీ అంచు పట్టుకుంది. అంతా అయ్యాక జాలీ మీద దువ్వెన నుంచి తీసిన వెంట్రుకల్లా పోగులు మిగిలాయి. ముగ్గురం వాటిని చూశాం. ఈసారి నా నోరు లేవలేదు.

పొద్దు వాలేలోగా బిగింపు అయిపోయింది. మల్లేశం బండి నడిపించాడు. అద్దంలో ఆయిలు తేనెలా తేటగా ఉంది, నురగ లేదు. గేజీ ముల్లు ఎక్కాల్సిన చోటికి ఎక్కి నిలబడింది. బ్లేడు నిండా మట్టి తీసుకుని ఎత్తాడు. అది లేచి ఆగింది. మల్లేశం దిగి వచ్చి రాడ్డును అరచేత్తో తడిమి చూశాడు. "నిలిచింది" అన్నాడు, ఈసారి మా అందరిలోకీ మెల్లగా.

అయిదో రోజు తెల్లవారేసరికి బండి గండి దగ్గరుంది. తొమ్మిదింటికి రమణ్‌భాయ్ వచ్చి చూసి, కిమ్ మిషను వద్దని ఫోనులో చెప్పేశాడు. నాకు వేరే పనులున్నాయి, అయినా వెళ్లలేదు. మధ్యాహ్నం మూడింటికి రెండు వైపుల మట్టీ కలిసింది. సాయంత్రం దాకా దాని మీద బండి ముందుకీ వెనక్కీ తోలి గట్టి చేశాడు.

మర్నాడు పున్నమి. పోటు వేళకు నేనూ వెళ్లాను. ఖాడీలో నీళ్లు బురద రంగులో పైకి పైకి వచ్చాయి, కట్టకు సగం దాకా ఎక్కాయి, ఆగాయి. ఇవతల చెరువు అడుగు పొడిగానే ఉంది. కూలీలు ఈలలు వేశారు. నేను వంగి, కొత్తగా పోసిన చోట ఎక్కడైనా చెమ్మ ఊరుతోందా అని చూస్తున్నాను, వృత్తి అలవాటు పోదు కదా. కమల నా వెనక వచ్చి నిలబడింది.

"ఏందన్నా, కట్టకు సుత దారం చుట్టాల్నా?"

ఆ రోజు అందరూ నన్ను చూసి నవ్వారు. మల్లేశానికి వినపడలేదు. ఆమె కుడిచెవిలో మళ్లీ చెప్పింది, అప్పుడు అతనూ నవ్వాడు. నా వంతు రావాల్సిందే, వచ్చింది.

ఫిట్టింగుల గురించి నాకు తెలిసిందంతా ఆ బండికి ముందే తెలుసు. ఆ బండి నేర్పింది వేరు. మా వృత్తిలో జబ్బు యంత్రానిదే అయినా, దాని చరిత్ర మనిషి దగ్గరుంటుంది. ఎక్కడ సుత్తి వేశాడు, ఎక్కడ దారం చుట్టాడు, ఏ బోల్టు పోతే ఏది దూర్చాడు, అది అతను చెబితేనే మనకు తెలుస్తుంది. చెప్పినవాణ్ని అందరిముందూ నవ్వులపాలు చేస్తే రెండోది చెప్పడు. ఆ చెప్పని రెండోదే రిలీఫ్ వాల్వులో వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు ఎవరైనా యంత్రం పాడైందని వస్తే షాపు వెనక బల్ల మీద కూర్చోబెట్టి ముందు చాయ్ ఇస్తాను. తర్వాత నా సంగతే చెబుతాను, మంచి పంపును పోయిందని చెప్పి ఒక కుటుంబాన్ని ఎలా భయపెట్టానో. అది విన్నాక వాళ్లు తాము చేసినవి ఒక్కొక్కటే బయటపెడతారు. సబ్బు ముక్క పెట్టినవాళ్లున్నారు, సైకిలు ట్యూబు కోసి పెట్టినవాళ్లున్నారు. నవ్వు వస్తుంది. చాయ్ గ్లాసు వెనక నవ్వుకుంటాను. నోరు మొత్తం మారిందని చెప్పను, ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.

మల్లేశం ఇప్పుడు అదే ఖాడీ వెంట మూడో కట్ట పోస్తున్నాడు. చెవికి మిషను కూడా పెట్టుకున్నాడు. కానీ ఫోనులో అరవడం మాత్రం మానలేదు. మొన్న ఒకరోజు షాపులో నలుగురు కొనేవాళ్లున్నప్పుడు ఫోను మోగింది. స్పీకరు నొక్కక్కర్లేదు, అందరికీ వినిపించింది.

"అన్నా, ఒక తప్పు జేసిన. ముందుగాల్నే చెప్తున్న!"

బాండెడ్ సీలును అతిగా బిగించి రబ్బరు నలిపేశాడట. పది నిమిషాల పని. సీలు పంపిస్తానని చెప్పి, "మంచి పని జేసినవ్ మల్లేశం" అన్నాను.

"ఏందన్నా, తప్పు జేసుడా?"

"చెప్పుడు తమ్మీ" అన్నాను, ఆ నలుగురికీ వినిపించేటట్టు, గట్టిగా.